మాయాబజారుకి రెండు ముప్పావు

మా తోడల్లుడు మాయాబజారుకి రెండు ముప్పావు ఇచ్చాడు. అయిదుకి.

ఆయన ఆ మాట అని వారం దాటింది. నాకింకా అరగలేదు. పోనీ ఏదో చర్చలో ఆవేశపడి అన్నాడా అంటే అదీ కాదు. మా ఇంట్లో కూర్చుని, ఇడ్లీలోకి అల్లప్పచ్చడి నంజుకుంటూ, గొంతు పెంచకుండా అన్నాడు. "ఫస్టాఫ్ ఓకే అన్నయ్యగారూ. సెకండాఫ్ కాస్త ల్యాగ్. రెండు పాటలు లేపేసి ఓ అరగంట ట్రిమ్ చేసుంటే మూడు ఇచ్చేవాణ్ణి" అని, ఇంకో ఇడ్లీ వెయ్యమన్నాడు. 1957లో ఆ సినిమా తీసిన కె.వి. రెడ్డిగారికి ఈయన ఫోన్ నంబరు తెలియకపోవడం తెలుగువాళ్ళు చేసుకున్న అదృష్టం.

అక్కడితో ఆపాడా? "లాజిక్కు కూడా లేదండీ. కథంతా పాండవుల చుట్టూ తిరుగుతుందా, ఒక్క పాండవుడైనా కనబడడేం?" అన్నాడు. కనబడరు, నిజమే. అర్జునుడి భార్య ఉంది, కొడుకున్నాడు, కాబోయే వియ్యాలవారున్నారు, అర్జునుడు మాత్రం లేడు. మూడు గంటల సినిమాలో ఆ లోటు ఎవరికీ తోచకుండా నడిపించడం కె.వి. రెడ్డిగారూ, మాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారూ చూపించిన గడుసుతనం. ఈయన దాన్ని పట్టేసి మైనస్ పాయింట్లలో వేసుకున్నాడు. ప్రియదర్శిని పెట్టెలో శశిరేఖ అభిమన్యుణ్ణి చూసుకునే ఘట్టం ఎలా ఉందయ్యా అంటే, "వీడియో కాలే కదా" అన్నాడు.

ఆరా తీస్తే తేలిందేమిటంటే, సినిమాని ఫోన్లో, ఒకటిన్నర స్పీడులో చూశాడట. ఆ స్పీడులో వెన్నెల్లో పడవ పాట ఒకసారి ఊహించుకోండి. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పుట్టించిన వెన్నెల అది. ఈయన అందులో పడవకి మోటారు బిగించాడు. ఇక ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వచ్చాక సావిత్రి నడిచే నడక ఉంటుంది. భుజాలు విరుచుకుని మగాడిలా రెండడుగులు వేసి, ఎవరో చూస్తున్నారని గుర్తొచ్చి చటుక్కున ఒద్దిక తెచ్చుకుంటుంది. ఆ చటుక్కుకి ముందు ఒక్క లిప్త ఆగుతుంది ఆవిడ. నటన అంతా ఆ లిప్తలోనే ఉంది. ఒకటిన్నర స్పీడులో ముందు ఎగిరిపోయేదీ అదే. అది పోయాక మిగిలినదాన్ని చూసి ల్యాగ్ అంటే ఏం చెప్పను?

సరే, ఆయన్ని వదిలేద్దాం. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ ముప్పావు. రెండన్నా ఊరుకునేవాణ్ణి, మూడన్నా పోనీలే అనుకునేవాణ్ణి. రెండు ముప్పావు ఏమిటి?

ఇది ఆయన సొంత తెలివి కాదు, రివ్యూలు చదివి చదివి పట్టుబడ్డ విద్య. ఆ అంకెల భాష మీకూ తెలిసే ఉంటుంది. రెండు ఇచ్చారంటే ఆ నిర్మాత మళ్ళీ సినిమా తియ్యడని రూఢి అయిందన్నమాట. రెండుంపావు అంటే పాపం అని. రెండున్నర అంటే సినిమా పోయింది, పరామర్శకి మేమూ వస్తాం అని. మూడు పోస్టరు మీద వేసుకోవడానికి. మూడుంపావు కనిపించిందంటే హీరోగారి పుట్టినరోజు దగ్గర్లో ఉన్నట్టు. నాలుగు, సినిమా చూడకముందే రాసి పెట్టుకున్నది. అయిదు ఎవరికీ ఇవ్వగా చూళ్ళేదు, ఎవరి కోసం దాస్తున్నారో తెలీదు. మరి రెండు ముప్పావు? బాగుందంటే చదివేవాళ్ళు తిడతారు, బాగోలేదంటే తీసినవాళ్ళు తిడతారు, ఇద్దరికీ మధ్య గోడెక్కి కూర్చునే చోటు పేరే రెండు ముప్పావు.

ఇలా ఇచ్చినవాణ్ణి ఒక్కసారైనా నిలదియ్యాలని ఉంటుంది. అయ్యా, మొన్నటి సినిమాకి మూడిచ్చారు, దీనికి రెండు ముప్పావిచ్చారు. ఆ పావు ఎక్కడ కోశారు? హీరోయిన్ ఏడ్చినచోటా? విలన్ తమ్ముడి గెడ్డంలోనా? కమెడియన్ మూడో జోకు దగ్గర మీకు దగ్గొచ్చిందా?

పావలా ఇక చెల్లదని ప్రభుత్వం 2011 జూన్ 30తో తేల్చేసింది. కండక్టరు తీసుకోడు, కిరాణా కొట్టువాడు తీసుకోడు, దేవుడి హుండీలో వేస్తే దేవుడు కూడా ఆలోచిస్తాడు. దేశం మొత్తమ్మీద పావలా ఇంకా చెలామణీలో ఉన్నది సినిమా రివ్యూల్లో మాత్రమే. అక్కడ దాని దర్జా చూడాలి! ఒక పావలా ఎక్కువ పడితే సక్సెస్ మీట్, శాలువాలు. ఒక పావలా తగ్గితే డైరెక్టరుగారు మైకు పట్టుకుని "నేను రివ్యూలు చదవను" అంటూ అన్ని రివ్యూల్లోంచీ వాక్యాలు అప్పజెబుతాడు. మా నాన్నగారి చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు నాలుగణాలు ఉండేదట. ఆ పావలాకి సినిమా మొత్తం చూపించేవారు. ఇప్పుడు ఆ పావలాతోనే ఆపించేస్తున్నారు.

ఈ పద్ధతి ఇంట్లో ప్రయత్నిద్దామని, మా ఆవిడ గుత్తొంకాయ కూర వడ్డించి ఎలా ఉందంటే "మూడుంపావు" అన్నాను. పెద్ద మనసుతోనే ఇచ్చాను, పోస్టరు మీద వేసుకోవచ్చు. ఆవిడ గరిటె కింద పెట్టి, "మిగతా ఒకటీ ముప్పావు ఎక్కడ పోయిందో చెప్పండి" అంది. ఉప్పులోనా, కారంలోనా, వంకాయ వేగడంలోనా, విడివిడిగా లెక్క చెప్పమంది. చెప్పలేకపోయాను. ఆ రాత్రి మజ్జిగన్నం. అంత సూటి ప్రశ్న అడిగే మనిషి ఒక్కరున్నా ఈ రేటింగుల వ్యాపారం ఏనాడో మూతబడేది.

ముళ్ళపూడి వెంకటరమణగారు ఆంధ్రపత్రికలో పనిచేసే రోజుల్లో సినిమా సమీక్షలు రాసేవారు. తర్వాత ఆయనే బాపుగారితో కలిసి సాక్షి (1967), ముత్యాల ముగ్గు (1975) తీసే వైపుకి వచ్చారు గనక కర్ర రెండు కొసలూ తెలిసిన మనిషి. తిట్టినా, తిట్టించుకున్నవాడు కూడా కత్తిరించి దాచుకునేలా తిట్టగల కలం అది. ఇప్పుడు దాచుకోవడానికి ఏముంది, ఒక అంకె, పక్కన చుక్క.

ఆ అంకె కూడా మనం నిద్ర లేవకముందే వచ్చేస్తోంది. మనకి శుక్రవారం తెల్లారేసరికి అమెరికాలో గురువారం ప్రీమియర్ అయిపోతుంది. డాలస్ నుంచి మా పెదనాన్నగారి మనవడు ఇంటర్వెల్లో ఒక మెసేజీ, శుభం కార్డుకి ఒక మెసేజీ పెడతాడు. మేం పళ్ళు తోముకునేసరికి తీర్పు వచ్చేసి ఉంటుంది. అది చదువుకుని హాలుకి వెళ్ళినవాడు సినిమా ఏం చూస్తాడు? సెకండాఫులో ల్యాగ్ ఎక్కడుందో వెతుక్కుంటాడు. దొరక్కపోతే టిక్కెట్టు డబ్బులు దండగైనట్టు మొహం పెడతాడు.

పోనీ వీళ్ళందరినీ పక్కనబెట్టి మన అభిప్రాయం మనం చెబుదామా అంటే అదో గండం. ఫలానా సినిమా నాకు నచ్చలేదండీ అని పెళ్ళి భోజనాల దగ్గర అని చూడండి. ఎందుకు నచ్చలేదని ఎవరూ అడగరు. "మీ ఇంటిపేరేవిటండీ?" అని అడుగుతారు. ఇంటిపేరు చెబితే "అదీ సంగతి" అని పక్కాయన వైపు చూసి తలాడిస్తారు. నచ్చిందన్నా అదే ప్రశ్న, అదే తలాడింపు. కథలో పస లేదనడానికి మన తాతముత్తాతల్ని సాక్ష్యానికి పిలవాల్సి రావడం తెలుగుదేశంలోనే చూశాను. ఈ ముక్క మాత్రం నేను నవ్వులాటకి రాయడం లేదు.

ఇదంతా కొత్తతరం జబ్బు, పాతవాళ్ళు నయం అనుకునేరు. మా పై అంతస్తులో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారున్నారు. ఆయన తక్కెడలో రాళ్ళు రెండే, "ఆహా" ఒకటీ "ఛీ" ఒకటీ. 1975కి ఇవతల వచ్చినవన్నీ ఛీ. అవతలివన్నీ ఆహా. ఈ మధ్య వచ్చినవేవైనా చూశారా మాస్టారూ అంటే, "చూడ్డం కూడానా!" అన్నారు. నలుపు తెలుపుల కాలంలోనూ చెత్త సినిమాలు బోలెడొచ్చాయి. ఆ చెత్తని జనం మర్చిపోయారు, రీళ్ళు పాడైపోయాయి, మిగిలిన మంచివాటిని చూసి ఆ కాలమంతా అలాగే ఉండేదనుకుంటున్నాం. ఈ మాట ఆయనతో అన్నందుకు లిఫ్టులో కనబడినా పలకడం మానేశారు.

మా మేనల్లుడిది మూడో రకం. ఖలేజా 2010లో వచ్చినప్పుడు చూసొచ్చి "తలనొప్పి మామయ్యా, దుకాణం బంద్" అన్నాడు. ఆ మాట అన్నది వాడొక్కడే కాదు, సినిమా నిజంగానే ఆడలేదు. 2025లో రీ రిలీజు చేస్తే అదే కుర్రాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, హాల్లో కాగితాలు చింపి ఎగరేసి వచ్చాడు. జేబులో ఉన్న కరెంటు బిల్లుతో సహా. "అప్పట్లో జనానికి అర్థం కాలేదు మామయ్యా, టైము కంటే ముందొచ్చింది" అంటాడు. ఆ జనంలో తనూ ఉన్నాడని వాడికి గుర్తు లేదు.

అదృష్టమేమిటంటే కొన్ని సినిమాలు ఈ హడావిడికి ముందే పుట్టాయి. 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం వచ్చినప్పుడు మొదట్లో హాళ్ళు వెలవెలబోయాయని అప్పటివాళ్ళు చెబుతారు. పేరున్న హీరో లేడు. ఉన్నది డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసుకునే సోమయాజులుగారు. చూసిన నలుగురూ ఇంటికెళ్ళి ఇంకో నలుగురికి చెప్పారు, మెల్లిగా కదిలింది, ఆ తర్వాత ఆగలేదు. మాట అంత నిదానంగా నడిచేది గనక సినిమాకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండేది. ఇవాళైతే శుక్రవారం మ్యాట్నీ బెల్లు కొట్టకముందే డాలస్ కుర్రాడు "ఓల్డ్ హీరో, నో ఫైట్స్" అని కొట్టి పారేసుండేవాడు.

ఇప్పటికీ అలా జరగదని కాదు. 2023లో బలగం వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో తెర కట్టుకుని ఊరు ఊరంతా కింద కూర్చుని చూశారు, ఏడ్చారు. మాటల్లేని అన్నదమ్ములు కలిశారని పేపర్లో కూడా వచ్చింది. వాళ్ళెవరూ కళ్ళు తుడుచుకుంటూ ముప్పావులు లెక్కెయ్యలేదు.

మా మేనత్త కూడా లెక్కవేసేది కాదు. తెనాలి వెళ్ళి సినిమా చూసొచ్చిందంటే, మర్నాడు మధ్యాహ్నం గోంగూర కట్ట ముందేసుకుని ఆకు తుంచుతూ మొదలుపెట్టేది. గుండమ్మ కథ చెబితే సూర్యకాంతంలా ఎడమ చెయ్యి తిప్పేది, రుబ్బురోలు దగ్గర నిక్కరేసుకున్న రామారావయ్యేది. సినిమా కంటే ఆవిడ కథే ఎక్కువసేపు పట్టేది. అందులో ఒక పాము కూడా ఉండేది. కొన్నాళ్ళకి నేను హాల్లో ఆ సినిమా చూస్తూ చివరిదాకా పాము కోసం కాచుక్కూర్చున్నాను. రాలేదు. ఆ ప్రింటులో ఓ రీలు పోయిందనుకున్నాను. సినిమా బాగుందా అత్తయ్యా అని ఆవిడని ఎవరమూ అడగలేదు. అడగాలని తోచలేదు.

తర్వాత ఊళ్ళోకి దూరదర్శన్ వచ్చింది. వారానికో తెలుగు సినిమా, అందరూ ఒక్కసారే చూసేవారు. మర్నాడు అత్తయ్య గోంగూర ముందేసుకుని "ఆ పిల్ల ఏం చేసిందంటే..." అని ఎత్తుకుంటే, కోడళ్ళు "మేమూ చూశాంగా అత్తయ్యా" అన్నారు. తప్పేం లేదు, చూశారుగా. ఆవిడ ఆకు తుంచుకుంటూ కూర్చుండిపోయింది. అందరూ చూసేసినదాన్ని ఎవరికి చెప్పుకోవాలో ఆవిడకి తెలియలేదు. నాకూ తెలియదు. ఇప్పుడు నన్ను ఎలా ఉందని అడిగేవాళ్ళు వీధి నిండా ఉన్నారు. ఏం జరిగిందో చెప్పు అని అడిగేవాళ్ళు లేరు.

మొన్న ఆదివారం మా ఆవిడా నేనూ ఓ కొత్త సినిమాకి వెళ్ళొచ్చాం. మర్నాడు పొద్దున్నే పాలప్యాకెట్టుతో ఎదురుపడిన బి బ్లాకాయన "నిన్న సినిమాకెళ్ళారటగా, ఎలా ఉందండీ టాకు?" అన్నాడు. ఇంటిపేరు దాకా పోనివ్వడం ఎందుకని, "ఏసీ బాగా పనిచేస్తోందండీ. ఇంటర్వెల్లో సమోసా చల్లారిపోయింది" అన్నాను. శ్రద్ధగా విన్నాడు. సాయంత్రానికల్లా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పడింది: "ఫస్టాఫ్ కూల్. ఇంటర్వెల్ నుంచి చల్లబడింది." మా వాచ్‌మెన్ కొడుకు సెకండ్ షో టిక్కెట్లు క్యాన్సిల్ చేసుకున్నాడు.