వెనుక ఇంజన్ గంధసూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఆగిన రథము వెనుకనుండి వేడినూనె వాసన వచ్చును, అది గుణము కాదు, దోషము కాదు, సాక్ష్యము.

రథము అనగా పోర్షే 911. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో 901 అనే పేరుతో దర్శనమిచ్చి, నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో కంపెనీ అడ్డు చెప్పగా 911 అయినది. వెనుక ఇరుసుకు అవతల, తోక చివర ఇంజన్ పెట్టుకుని తిరగడం దీని జన్మలక్షణం. సూత్రకారుడి దృష్టిలో ఉన్నవి గాలితో చల్లబడే 911లు మాత్రమే, అంటే 1998లో ఆగిపోయిన 993 తరం వరకు వచ్చినవి. ఆ మాట సూత్రంలో లేదే అంటారా? సూత్రం పొట్టిగా ఉంటేనే వ్యాఖ్యాతకు గిరాకీ. అక్కర్లేనిది ఒక్క ముక్క కూడా చెప్పనని కొలిచెలమ మల్లినాథసూరి ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. పాత కార్ల మీద రాసేవాడెవడూ ఆ ఒట్టుకు కట్టుబడి నెగ్గలేడు కనుక ఇక్కడ అది పెట్టుకోలేదు.

ఈ సూత్రం మీద రెండు సంప్రదాయాల మధ్య చాలాకాలంగా జగడం ఉంది. భక్తులు ఆ వాసనను కళ్లు మూసుకుని పీల్చి, ఇదే ఈ కారు ఆత్మ అంటారు. శంకితులు ముక్కు మూసుకుని, ఎక్కడో కారుతోంది, ఇంజన్ దింపాల్సిందే అంటారు. గుణము కాదన్న మాట మొదటివారికీ, దోషము కాదన్న మాట రెండోవారికీ కనబడలేదు. సాక్ష్యము అన్న చివరి మాట ఇద్దరికీ కనబడలేదు. సాక్షిని నెత్తిన పెట్టుకోవడమూ తప్పే, తన్ని తరమడమూ తప్పే. ఎక్కడి నుంచి వచ్చావు, ఎప్పుడు వచ్చావు అని అడగాలి. కింది వ్యాఖ్యంతా ఆ అడిగే పద్ధతి గురించే.

'ఆగిన' అన్నది ఊరికే పడిన విశేషణం కాదు. సూత్రం వచనంలోనే ఉంది కాబట్టి పాదపూరణం కోసం వేశాడనే వంక కూడా చెల్లదు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ బెల్టుతో తిరిగే పెద్ద ఫ్యాన్ బయటి గాలిని లాగి, సిలిండర్ల రెక్కల మీదుగా కిందికి కొడుతుంది. ఆ గాలి తనలో కలిసినదాన్నంతా మోసుకుని బండి కిందనుంచి వెనక్కి పోతుంది; నడిపేవాడు ముందున్నాడు, వాసన వెనుక రోడ్డు పాలవుతుంది. తాళం తిప్పి ఇంజన్ ఆపగానే ఫ్యాన్ ఆగుతుంది గాని లోహంలో ఉన్న వేడి ఆగదు. అంతదాకా కిందికి తోసిన గాలి ఇప్పుడు ఎవరూ తోయకపోవడంతో తన సహజగుణం ప్రకారం పైకి లేస్తుంది. పొగగొట్టాల వేడి సిలిండర్ల చుట్టూ చేరి, ఎక్కడెక్కడో పలచగా అంటుకున్న నూనెను ఆవిరి చేసి, వెనుక మూత జాలీలోంచి బయటికి వస్తుంది. చల్లబడుతున్న లోహం టిక్కుటిక్కుమనే వేళకు యజమాని సరిగ్గా అక్కడే నిలబడి ఉంటాడు. అందుచేత ఆగినప్పుడు వాసన పెరిగిందంటే నూనె కారడం పెరిగిందని కాదు, దాన్ని పట్టుకుపోయే గాలి తగ్గిందని అర్థం.

ఇక్కడ పూర్వపక్షి లేచి, బండి నడుస్తుండగా లోపల కూర్చున్నవాడికి కూడా ఈ వాసన తగులుతుందే, మరి 'ఆగిన' అనడం అవ్యాప్తి కాదా అంటాడు. మంచి ప్రశ్న. సమాధానం హీటర్‌లో ఉంది. ఈ కార్లలో వేడినీళ్లు లేవు గనుక, పొగగొట్టాల చుట్టూ రేకు తొడుగు వేసి, ఆ సందులోంచి ఫ్యాన్ గాలిని పోనిచ్చి, వేడెక్కిన ఆ గాలినే మనుషుల కాళ్ల దగ్గరికి పంపుతారు. ఆ తొడుగులకు సరిగ్గా పైన ఉంటాయి కింది వాల్వ్ కవర్లు. వాటి గ్యాస్కెట్ ఎండి, ఒక్క చుక్క జారి తొడుగు మీద పడిందా, చలికాలపు ప్రయాణమంతా మెకానిక్ షెడ్డులో కూర్చున్నట్టే. చాలా మోడళ్లలో సీట్ల మధ్య ఉండే హీటర్ మీట దించేస్తే వేడిగాలి బయటికి పోతుంది, వాసన కూడా లోపలికి రావడం మానేస్తుంది. మీటతో వచ్చి మీటతో పోయే వాసనకు చిరునామా ఎక్కడో వేరే వెతకనక్కర్లేదు. కాబట్టి ఇది సూత్రానికి బాధకం కాకపోగా, ఇంజన్ దింపకుండానే జాడ చెప్పిన సాక్ష్యం.

అయితే ఇదే తొడుగు దగ్గర సాక్షికి ఒక పరిమితి ఉంది. లోపలి గొట్టం తుప్పుపట్టి చిల్లి పడితే ఎగ్జాస్ట్ పొగ నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. వాసన ఉంటే ఆధారం ఉంటుందన్నది సరే, వాసన లేదు కాబట్టి ముప్పు లేదనడం మాత్రం హేత్వాభాస. భక్తుల్లో చాలామంది పడిపోయేది ఈ గోతిలోనే: కమ్మగా ఉంది కనుక క్షేమంగా ఉందనుకుంటారు.

ఇక 'వేడినూనె'. కొన్ని ప్రతుల్లో 'మాడిన నూనె' అని పాఠాంతరం ఉన్నది. అది లేఖకుల పొరపాటే గాని పనికొచ్చే పొరపాటు. కాగిన నూనెకూ మాడిన నూనెకూ తేడా వంటింట్లో ముక్కున్న ఎవరికైనా తెలుసు. ఈ ఇంజన్ పేరుకే గాలితో చల్లబడేది. వేడిలో పెద్ద వాటాను మోసేది నూనె. అది ఇంజన్ అడుగున కాక విడి ట్యాంకులో ఉంటుంది. మామూలుగా నడిస్తే దాని వేడి 90, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర తిరుగుతుంది. ఇంజన్ ఆయిల్ అంటుకునేంత ఆవిరి విడవాలంటే 200 డిగ్రీలు దాటాలి. అంటే ఇంజన్‌లో, ట్యాంకులో ఉన్న నూనె వెచ్చగా వాసన వేస్తుందే గాని మాడదు. మాడు వాసన వచ్చిందంటే నూనె తన ఇల్లు దాటి పొగగొట్టాన్ని తాకిందన్నమాట. వేడినూనె వాసన మాత్రం న్యాయమైనదే. ఈ కారులో నూనె మట్టం చూడాలంటే ఇంజన్ బాగా వేడెక్కి, సమతలం మీద, తిరుగుతూ ఉండగానే చూడాలి. మూత విప్పగానే ఆవిరి మొహానికి కొడుతుంది. ఇంజెక్షన్ ఉన్న చాలా ఇంజన్లయితే ఆ కాస్త గాలి లోపలికి దూరడంతో తడబడతాయి కూడా. 1972 మోడల్‌లో నూనె పోసే మూతను బయట, కుడి వెనుక రెక్క మీద పెట్టారు. పెట్రోలు బంకుల్లో అందులో పెట్రోలు పోస్తున్నారని మరుసటి ఏడాదికే దాన్ని లోపలికి మార్చారు.

వాసన సాక్ష్యమెట్లా అవుతుందన్నది శాస్త్రం తేల్చాల్సిన విషయం. మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో గంధం పృథివికే గుణమన్నాడు. గాలికి సొంత వాసన లేదు, మోసుకొచ్చేది మాత్రమే. దీన్ని మెకానిక్ భాషలోకి దించితే, గాలిలో వచ్చిన ప్రతి వాసనకూ ఎక్కడో ఒక ఆశ్రయం ఉండి తీరాలి. తార్కికులు ఇంకొకటి కూడా చెప్పారు: పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, తడికట్టె కలిస్తేనే పొగ. అట్లాగే మాడు వాసన ఉంటే కాలే లోహం మీద నూనె ఉన్నట్టే. నూనె ఉన్నచోటల్లా వాసన ఉండదు. చల్లటి చోట కారే నూనె మూగది. ఎంత కారిందో కూడా వాసన చెప్పదు, చుక్కకూ చెంబుకూ అదే ఘాటు. శంకితుడు పరిమాణాన్ని ముక్కుతో కొలవబోయి భంగపడతాడు. నేల మీద అట్టముక్క పరిచి, తెల్లవారి మరకలు చూసి కొలవాలి.

మరో పూర్వపక్షం: మన వీధుల్లో ఆటోకూ వెనుకనే ఇంజన్ కదా, దాని వాసనకు టీక రాసినవాడెవడు? ఎవడూ రాయలేదు, రాయనక్కర్లేదు కూడా. పాత టూ స్ట్రోక్ ఆటో పెట్రోలుతో పాటే నూనెను కాల్చి పొగగొట్టంలోంచి వదిలేది. ఆటో నడుస్తున్నా ఆగినా, కొత్తదైనా పాతదైనా ఒకటే వాసన. ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడిని సాక్షి అనరు. ఇక 911లోనే వచ్చే ఇతర వాసనలు: గంధకం కంపు గేర్ ఆయిల్‌ది, మాడిన పీచు వాసన క్లచ్‌ది. ఇవీ వెనుకవే గాని సూత్రపరిధిలోనివి కావు. 993 తర్వాత వచ్చిన, నీళ్లతో చల్లబడే 996 తరం నుంచి తియ్యటి వాసన వస్తే అది కూలంట్, అక్కడ సూత్రం వర్తించదు, దోషమే. సరికొత్త కారు తొలి ప్రయాణాల్లో ఇంజన్ మీది మైనపు పూత కాలి పొగలు వస్తే అది ఏమీ కాదు.

మిగిలింది ముందు భాగం. వెనుకనుండి అని సూత్రకారుడు పట్టుబట్టి అనడంలో భావమేమంటే, ముందునుండి వచ్చేది ఇంజన్ వాసన కాదని. పెట్రోలు ట్యాంకు ముందు డిక్కీ అడుగున ఉంటుంది. అక్కడి రబ్బరు గొట్టాలకు వయసు మీరుతుంది. నూనె అంటుకోవడానికి 200 డిగ్రీలు దాటాలంటే, పెట్రోలు ఆవిరి సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా నిప్పురవ్వ కోసం సిద్ధంగా ఉంటుంది. కనుక పెట్రోలు వాసనకు విచారణ లేదు, సాక్ష్యం లేదు, తర్కం లేదు. తాళం ముట్టకుండా, లైటు వేయకుండా బండిని ఆరుబయటికి తోయాలి. మొదటి 911 బరువు సుమారు 1,080 కిలోలు. ఇద్దరు మనుషులు చాలు.