చేజారిన చీటి: టీకా తాత్పర్య సహితము

అవతారిక

శాస్త్రం చదవబోయేవాడికి నాలుగు సంగతులు ముందే చెప్పాలని పెద్దల కట్టడి. విషయం: బ్రిడ్జి ఆటలో ఒకసారి పాడిన పాటను వెనక్కి తీసుకోవచ్చునా అన్నది. ప్రయోజనం: జోడీలు జోడీలుగానే ఇళ్లకు వెళ్లడం. సంబంధం: ఎడమ పక్కన కూర్చున్నవాడితో. అధికారి: పదమూడు ముక్కల రమ్మీలో తల నెరిసి, ఉద్యోగ విరమణ తరువాత బ్రిడ్జి బల్ల దగ్గరికి చేరిన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు పెద్దమనిషి.

మూలం, 2017లో సవరించిన డూప్లికేట్ బ్రిడ్జి చట్టాల్లో 25వది. అది వచనంలో ఉంది, పైగా ఇంగ్లీషు వచనం. పద్యం లేనిదే టీకా తగిలించడానికి చోటుండదు కనుక టీకాకారుడే ఒక ఆటవెలది కట్టుకున్నాడు. వ్యాఖ్య ముందు పుట్టి మూలం తరువాత పుట్టడం దోషమంటారా, దోషమే.

మూలము

చేయి జారినట్టి చీటి మార్చగవచ్చు
జోడి పలుకు మున్నె చూచెనేని
మనసు జారినట్టి మాట మార్చగరాదు
బ్రహ్మ వచ్చి యడుగ పాసు పాసె

ప్రతిపదార్థము

చేయి జారినట్టి = వేలు తడబడి బయటికి వచ్చిన; చీటి = బిడ్డింగు పెట్టెలోని ముక్కను; జోడి = ఎదుట కూర్చున్న భాగస్వామి; పలుకు మున్నె = తన వంతు పాడక మునుపే (పాట అనగా వేలంపాట; రాగం తీయరాదు, గొంతు పెంచినా తగ్గించినా జోడీకి సైగ చేసినట్టే); చూచెనేని = కనిపెట్టినచో; మార్చగవచ్చు = మార్చుకొనవచ్చును; మనసు జారినట్టి మాట = కావాలనే అని, ఆనక నాలుక కరుచుకున్న మాటను; మార్చగరాదు = మార్చకూడదు; బ్రహ్మ వచ్చి యడుగ = సాక్షాత్తు చతుర్ముఖుడు వచ్చి నాలుగు నోళ్లా బతిమాలినను; పాసు పాసె = పాస్ అన్నది పాస్‌గానే ఉండును.

వ్యాకరణము: వచ్చి + అడుగ. ఇక్కడ సంధి లేదు, యడాగమం వచ్చింది. డైరెక్టరు, అంటే బల్ల దగ్గర తీర్పు చెప్పే పెద్దమనిషి, ఆయన దగ్గర కూడా ఈ పాదానికి సంధి దొరకదు.

తాత్పర్యము

అనుకున్నది ఒకటి, బయటికి వచ్చింది మరొకటి అయితే, జోడీ తన పాట పాడేలోపు దిద్దుకోవచ్చు. శిక్ష లేదు. ఈలోపు ఎడమవాడు తొందరపడి పాడేసి ఉంటే అతనూ తన పాటను వెనక్కి తీసుకోవచ్చు. అనుకున్నదే బయటికి వచ్చి, అనుకోవడమే పొరపాటైతే, కర్మ అనుభవించవలసిందే.

విశేషము: చేయి

పెట్టెలో ఒక కళావరు మొదలుకొని ఏడు నోట్రంపుల (నోట్రంపు అంటే తురుపు రంగు లేని పాట) దాకా 35 పాటల చీటీలు మెట్లు మెట్లుగా ఉంటాయి. పాసు, డబలు, రీడబలు వేరే అరలో. ఒక ఇస్పేటుకూ ఒక నోట్రంపుకూ మధ్య ఎడం బొటనవేలి గోరంత. మే నెల బాపట్ల ఉక్కలో, సముద్రం పక్కనే ఉన్నా గాలాడని మధ్యాహ్నం, చీటీలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పదహారు పాయింట్లు, సమంగా పంచిన చెయ్యి, నోట్రంపు తప్ప మరో ఆలోచన లేని మనిషి. తీస్తే ఇస్పేటు వచ్చింది.

డైరెక్టరు వస్తాడు. "మాస్టారూ, ఏం తీద్దామనుకున్నారు?"

"నోట్రంపండీ."

"ఇస్పేట్లు ఎన్నున్నాయి?" (ఈ ప్రశ్న ఆయన మాస్టారిని పక్కకు పిలిచి అడగాలి. అందరి ముందూ అడిగితే అది మరో తగువు.)

"రెండండీ."

రెండు ఇస్పేట్లతో ఇస్పేటు పాడే మనిషి భూప్రపంచంలో ఉండడు. అది చేయి జారుటే. మార్చుకోవచ్చు.

ఇందులో ఒక సొగసుంది. పొరపాటు ఎలా తెలిసిందన్నది చట్టం పట్టించుకోదు. తన చీటీ తనే చూసుకుని ఉలిక్కిపడినా సరే, జోడీ ఆ పాటకు అర్థం చెబుతుంటే విని ఉలిక్కిపడినా సరే. మామూలుగా జోడీ నోటి నుంచి వచ్చిన వివరణను వాడుకోవడం మహాపరాధం. ఇక్కడ మాత్రం చెల్లు. ఎందుకంటే ఆయన కొత్తగా ఆలోచించడం లేదు, పాత ఆలోచనకే తిరిగి వస్తున్నాడు.

పాఠాంతరములు

"చేయి జారినట్టి" అన్నచోట "నోరు జారినట్టి" అని చదివినా చెల్లును. పెట్టెలు 1960లలో స్వీడన్‌లో పుట్టాయి. అంతకు ముందు ప్రపంచమంతా నోటితోనే పాడింది. ఇంట్లో నలుగురు కూర్చుంటే ఇప్పటికీ నోరే. 

ఇక చట్టం పాఠాలు. 1997 ప్రతిలో మనసు జారినవాడికీ ఒక సందు ఉండేది. పాట మార్చుకో, కానీ ఆ చేతికి 40 శాతం మించి మార్కులు ఆశించకు అన్నది. 2007 ప్రతి ఆ సందు మూసింది. జారిన చేతికి మాత్రం "ఆలోచనకు ఆగకుండా" దిద్దుకోవాలన్న షరతు ఉంచింది. 2017 ప్రతిలో ఆ షరతు కూడా పోయి, యాంత్రికమైన పొరపాటు కావచ్చు, నాలుక తడబాటు కావచ్చు, ధ్యాస తప్పడం మాత్రం కాదు అన్న వివరణ వచ్చింది. మూడు పాఠాల్లో నాకు చివరిదే నచ్చుతుంది. ఎంతసేపు ఆగాడని గడియారం చూడటం కంటే ఏం తలచాడని మనిషిని చూడటం మేలు.

విశేషము: మనసు

జోడీగా కూర్చున్న బావ ఒక నోట్రంపు పాడాడు. దాని మీద రెండు ఆఠీన్లు పాడితే "నా దగ్గర అయిదు ఇస్పేట్లున్నాయి, నువ్వు ఇస్పేటు పాడు" అని అర్థం చేసుకుందామని ఇద్దరూ ఒప్పుకున్నారు. నెల రోజులుగా ఆ పద్ధతే. ఈరోజు మన పెద్దమనిషి చేతిలో ఆరు ఆఠీన్లు కళకళలాడుతున్నాయి. చూసిన ఆనందంలో ఒప్పందం మరిచి రెండు ఆఠీన్లు తీసి పెట్టాడు. చీటీ బల్ల మీద పడ్డాక గుండెలో రాయి పడింది.

"బావా, ఆగు ఆగు, నేను అనుకున్నది..."

అనుకున్నది ఆఠీన్లే. చేయి నిజమే చెప్పింది. ఇది మారదు. ఆగు ఆగు అన్న కేకను బావ విననట్టే నటించి, ఇస్పేటు పాడాలి. ఆ నటన బావకు ఎంత కష్టమో చట్టం రాసినవారికి తెలియదనుకోను, తెలిసే రాశారు.

ఒకవేళ మన పెద్దమనిషి డైరెక్టరును పిలవకుండానే చీటీ మార్చేశాడనుకోండి. అప్పుడు ఎడమవాడిదే పైచేయి. రెండో పాటను ఒప్పుకుంటే అదే నిలుస్తుంది. ఒప్పుకోకపోతే మొదటిదే నిలుస్తుంది, రెండోది గాలిలో కలిసిపోతుంది, కానీ బావ దాన్ని విన్నట్టు ఎక్కడా ఆడకూడదు.

పూర్వపక్షము

రమ్మీ నుంచి వచ్చినవారి ఆక్షేపణ: పరుల మనసులో ఏముందో ఎవడికి తెలుసు? రమ్మీలో ఈ గొడవ లేదు. వదిలిన ముక్క వదిలిందే. రాంగ్ షో కొడితే 80 కౌంటు. చేయి జారిందా, మతి జారిందా అని ఎవరూ అడగరు. రేపల్లె దారిలో భట్టిప్రోలు ఉంది. 1892లో అక్కడి స్తూపంలో దొరికిన ధాతుకరండాల మీద అక్షరాలు క్రీస్తుకు పూర్వం చెక్కినవి. చెక్కినవాడు ఒక ఒత్తు తప్పుగా వేసి ఉంటే డైరెక్టరును పిలిచి ఉండేవాడా?

సమాధానము: ఆక్షేపణ బలమైనదే. రమ్మీ, బ్రిడ్జి వేరు జాతులని తప్పించుకోవడానికి కూడా లేదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై 1963లో పోలీసులు దాడి చేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకవైపు, కె. సత్యనారాయణ మరోవైపు. 1967 నవంబరులో కోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని తేలుస్తూ, రమ్మీలో ఉన్న అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదే అన్నది. అంటే పంపకం దాకా రెండూ చుట్టాలే.

తేడా పంచిన తరువాత వస్తుంది. రమ్మీలో నువ్వొక్కడివే. బ్రిడ్జిలో నీ మాట విని ఆడవలసినవాడు ఎదుట ఒకడున్నాడు. మాట అతనికి చేరక ముందు అది నీది, దిద్దుకో. చేరి, అతను దాని మీద తన మాట కట్టాక అది ఇద్దరిదీ. అందుకే చట్టం గీత గీసింది జోడీ నోటి దగ్గర, నీ చేతి దగ్గర కాదు. మనసు కనబడదన్నది నిజమే. చేతిలో ముక్కలు కనబడతాయి, డైరెక్టరుకు అవి చాలు.

శాఖాభేదములు

బాపట్లలో రైలెక్కి రేపల్లె వెళ్లవలసినవాడు తెనాలిలో దిగి బండి మారాలి. నిద్రపోయి తెనాలి దాటిపోయాడా, ఆ బండి రేపల్లె పోదు. దీన్నిబట్టి వ్యాఖ్యాతలు మూడు శాఖలుగా చీలినట్టు టీకాకారుడి కల్పన. బాపట్ల శాఖ: ఎక్కేముందే బోర్డు చూసుకోవాలి, మార్చుకోవడమన్న మాటే తప్పు. తెనాలి శాఖ: జంక్షన్ ఉన్నదే మారడానికి, జోడీ పలికేదాకా జంక్షనే. చట్టం తెనాలి పక్షం.

రేపల్లె శాఖ మాత్రం చివరి స్టేషన్ గురించి అడుగుతుంది. పాట నా దగ్గరికి వచ్చింది. అప్పటికి వరసగా రెండు పాసులు పడ్డాయి. నేను డబలు తీయబోయి పాసు తీశాను. మూడో పాసుతో పాట ముగిసింది. జోడీకి వంతే రాలేదు, ఇక రాదు కూడా. అతను పలికేదాకా గడువంటే, యుగాంతం దాకా మార్చుకోవచ్చా?

కాదు. గడువు పాట వ్యవధి ముగిసేదాకా. ఆ వ్యవధి మూడో పాసుతో ముగియదు, మొదటి లీడు ముక్కను, అంటే ఆట మొదలుపెట్టే ముక్కను, వెల్లకిలా తిప్పినప్పుడు ముగుస్తుంది. లీడును ముందు బోర్లా పెట్టాలన్నది నియమం. కనుక ముక్క బల్ల మీద బోర్లా పడి, లీడు చేసినవాడు ప్రశ్నలేమైనా ఉన్నాయా అని జోడీని అడిగి, జోడీ తల అడ్డంగా ఊపి, వేళ్లు ముక్క అంచు కిందికి దూరుతున్న క్షణంలో కూడా "అయ్యా, అది డబలండీ, చేయి జారింది" అనవచ్చు. బల్ల దగ్గర ఎవరికీ నచ్చదు. డైరెక్టరు మాత్రం లీడు ముక్క ఇంకా బోర్లానే ఉందా అని వంగి చూసి, డబలు తీయమంటాడు.