చుట్టపుచూపు కొలువు

ఐనవిల్లి సిద్ధివినాయకుని సన్నిధిని పూజించి పంచెడి కలముతో పదవ తరగతి గట్టెక్కినవాడు కువైటునకో మస్కటునకో కొలువునకు పోదలచినచో, వలసానుమతి ముద్ర అక్కరలేదు. తప్పినవాడు మాత్రము 1983 నాటి వలసల చట్టము ననుసరించి సర్కారువారి అనుమతి బడయవలెను. పది ప్యాసైనవాడు మోసపోజాలడని ఏలినవారికి ఎంతటి విశ్వాసమో!

ఏజెంటుగారి తీరు వేఱు. రుసుము 30,000 రూపాయలు, పైని జి.ఎస్.టి., అంతకు మించరాదని నిబంధన యుండగా, ఆయన, పోదలచినవాడు కొబ్బరితోట తాకట్టుపెట్టి తెచ్చిన లక్షన్నరయు లెక్కించి పుచ్చుకొని, రసీదడిగినచో "మనలో మనకి కాగితాలెందుకండీ?" అని నొచ్చుకొని, ఉద్యోగపు వీసాకు బదులు విజిటింగు వీసా చేతబెట్టి, విమానాశ్రయమున ఎవరడిగినను చుట్టపుచూపునకు పోవుచున్నామని చెప్పుమని నేర్పును. వచ్చిన చుట్టము పాస్‌పోర్టు పుచ్చుకొని బీరువాలో దాచి, తెల్లవారుజాము మొదలు అర్ధరాత్రి వఱకు అంట్లు తోమించు ఆతిథ్యము కొందఱు కఫీలులకే, అనగా అచటి యజమానులకే, చెల్లినది. ఇంటివారు గోలపెట్టి వెదుకబోగా, ఏజెంటుగారి ఫోను స్విచ్చాఫు. బోర్డు అమలాపురమునుండి రాజోలునకు మారినది, రంగు సైతము క్రొత్తది వేయించినారు.