అన్నిటికీ ఒకటే నైసు

మా రోజుల్లో అమలాపురంలో పిండిమరకి బియ్యం పంపితే చెప్పి మరీ పంపేవారు. జంతికలకి నైసుగా పట్టాలి, ఉప్మాకైతే పలుకుండాలి. వడ్రంగి తలుపుచెక్కకి చిత్రిక పట్టి, అరచేత్తో నిమిరి, ‘ఇంకా నైసు రావాలండి’ అనేవాడు. తియ్యగా మాట్లాడి పని చక్కబెట్టుకునేవాణ్ణి నైసు చేస్తున్నాడనేవాళ్ళం. మాట ఇంగ్లీషుదే. మావాళ్ళు మాత్రం దాన్ని ఊరికే కూర్చోబెట్టలేదు, పనిలో పెట్టారు.

ఇప్పుడో? పెళ్ళిలో పనసపొట్టు కూర ఎలా ఉందిరా అబ్బాయ్ అంటే ‘నైస్ తాతగారూ’. ఆత్రేయపురం పూతరేకు? నైస్. కనుమనాడు జగ్గన్నతోటకి తరలివచ్చే ప్రభలు? అవీ నైసే. పూర్వం బంతిలో కూర్చున్న ప్రతివాడూ నోరు తెరిచి చెప్పేవాడు: ఆవ ముక్కుకెక్కింది, పులుసు పల్చబడింది, గడ్డపెరుగు కమ్మగా తోడుకుంది. వంటాయన వడ్డన దగ్గరే నిలబడి వినేవాడు. ఈ నైస్ విని ఆయన ఏం దిద్దుకోవాలి?

ఆ మాట పుట్టుక చూస్తే నాకు మరీ ఒళ్ళు మండుతుంది. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే ఏమీ తెలియనివాడు. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతాల ఇంగ్లీషులో చేరినప్పుడు తెలివితక్కువ అనే అర్థం. తర్వాత చాదస్తం, సుకుమారం, ఆపైన సూక్ష్మమైన తేడా పట్టగల నిశితత్వం. ‘బాగుంది’ అనే అర్థం 18వ శతాబ్దంలో గానీ స్థిరపడలేదు. దొరలకీ దీని మీద విసుగు పుట్టింది. 1817 చివర్లో అచ్చయిన జేన్ ఆస్టిన్ నవల ‘నార్తాంగర్ ఆబీ’లో, కేథరిన్ ఓ పుస్తకాన్ని నైస్ అన్నందుకు హెన్రీ టిల్నీ పట్టుకుంటాడు: నాజూకుకి, సొంపుకి వాడాల్సిన మాటని ప్రతి మెప్పుకీ అంటగడుతున్నారని. అతను కోరిన ఆ నాజూకు మా పిండిమర దగ్గర ఇంకా బతికే ఉంది. పోయింది మన పిల్లల నోట్లోనే.

అంబాజీపేట కొబ్బరి వర్తకులు కాయని చెవి దగ్గర ఊపి, లోపల గుండు కదిలితే కురిడీ అయిందనేవారు. మా మనవడికి బొండం కొట్టిచ్చి, నీళ్ళు తీపా, వగరా, మీగడ లేతదా, ముదిరిందా అని నాలుగు మాటలు అడిగితే అన్నిటికీ ఒక్కటే జవాబు.

అందుకే ఈ సంక్రాంతికి మనవలందరికీ ముందే చెప్పేశాను: రెండో పూతరేకు కావాలంటే మొదటిదాంట్లో నెయ్యి చాలిందో లేదో, బెల్లం ఎక్కువైందో తక్కువైందో చెప్పి తీసుకోండి. నైస్ అన్నవాడికి వెయ్యొద్దని మీ మామ్మగారితో కూడా అన్నాను.