చీటీ

ఢిల్లీ హాట్‌లో ఒక్కో చేతిపనివాడికి పదిహేను రోజులే చోటు. ఆ ఫిబ్రవరిలో చోటు దక్కినవాళ్లలో శ్రీకాళహస్తి నుంచి వచ్చిన కలంకారీ పెద్దాయన ఒకరు. నా ఆఫీసు ఆ పక్క వీధిలోనే. మధ్యాహ్నం తెలుగు మాట చెవినపడి ఆగాను. తర్వాత రోజూ ఆగాను.

ఆయన కుడిచేతి గోళ్లన్నీ నలుపు. అది కసిమి. ఇనుపముక్కలు, బెల్లం కలిపి మూడు వారాలు నీళ్లలో నానబెడితే దిగే రంగు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఒక్క చుక్క పడితే చాలు, మరి పోదు. గుడ్డని కరక్కాయతోపాటు పాలలోనూ తడపాలి. పాల జిడ్డు లేకపోతే వెదురు కలం గీసిన గీత పక్కకి పాకుతుంది.

"ఇంట్లో ఒక ఎనుము ఉండాది సార్. పాలు ముందు గుడ్డకి. మిగిలితే కాఫీకి" అన్నారు.

ఆ వారాంతంలోనే ఇండియా ఆర్ట్ ఫెయిర్. 2008లో ప్రగతి మైదాన్‌లో మొదలైన సంత అది. ఇప్పుడు ఓఖ్లా ఎన్‌.ఎస్‌.ఐ.సి. మైదానంలో జరుగుతోంది. 2024 నుంచి డిజైన్‌కి విడిగా ఒక విభాగం పెట్టారు. మీ పనివాళ్లు చూడాల్సింది చాలా ఉంటుందని చెప్పి ఆదివారం ఆయన్ని బయల్దేరదీశాను. స్టాలు కొడుక్కి అప్పగించి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చారు. హౌజ్ ఖాస్‌లో మెట్రో మారి ఓఖ్లాలో దిగాం. టికెట్లు నేనే తీశాను.

లోపల గుడారాల్లో గంటసేపు తిరిగాం. నూనె రంగులు చూశారు, కంచు బొమ్మలు చూశారు, గాజు దీపాలు చూశారు. ఏమీ మాట్లాడలేదు. డిజైన్ విభాగంలో ఒక మలుపు తిరగ్గానే ఆగిపోయారు.

గోడంతా ఒకే గుడ్డ. నడుమ పెద్ద చెట్టు, కొమ్మకొమ్మకీ పిట్టలు. పైనుంచి సన్నటి దీపాలు పడుతున్నాయి.

"ఆ ఎడమ కొమ్మ మీద చిన్న పిట్ట చూడండి సార్. అక్కడ పిట్ట లేదు. కలానికి చుట్టిన నూలు తెగి కసిమి చుక్క పడింది. అది పోదు కదా. దాన్నే కన్ను చేసి చుట్టూ పిట్టని గీసినాను."

ఒక డిజైనరమ్మ ఆర్డరిచ్చిందట. ఇంటిల్లిపాదీ ఏడు నెలలు కూర్చున్నారట. అడిగిన కూలి పైసాతో సహా ముట్టిందని, ఆవిడ మంచి మనిషని చెప్పారు. చెబుతూ ఆ పిట్ట వైపు వేలు చాచారు. కాపలా కుర్రాడు వచ్చి తాకొద్దన్నాడు. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నారు.

గుడ్డ పక్కన గోడకి తెల్ల అట్టముక్క, అరచేయంత. దాని మీద ఇంగ్లీషులో సన్నటి అక్షరాలు.

"ఆ చీటీలో ఏం రాసినారు, చదవండి సార్."

పైన పెద్ద అక్షరాల్లో డిజైనర్ పేరు. కింద బొమ్మ పేరు, సంవత్సరం. ఆ కింద అది దేనితో తయారైందో రాశారు. ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను. ఆయన వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకు తెచ్చి వేళ్లు మడుస్తూ విన్నారు. చేనేత నూలుగుడ్డ. కరక్కాయ. గేదెపాలు. ఇనుము. బెల్లం. పటిక. మంజిష్ఠ. నీలిమందు. వెదురు కలం.

తొమ్మిది వేళ్లు మడిచారు. పదో వేలు చాచి నా మొహం వైపు చూశారు.

"తర్వాత పొడుగు, వెడల్పు" అన్నాను.

"ఆ తర్వాత?"

"అంతే."

"ఇంకొక్కసారి చదవండి సార్."

మళ్లీ చదివాను. ఆయన మళ్లీ మొదటి వేలి నుంచి మడిచారు.

అక్కడ కూర్చున్న అమ్మాయి లేచి వచ్చింది. చీటీని అంత శ్రద్ధగా చదివినవాళ్లు ఈ నాలుగు రోజుల్లో మేమేనంది. ఈ కళ వెనక ఉన్న ఏ ఒక్కటీ మరుగున పడకూడదని డిజైనర్ పట్టుబట్టి మరీ ఆ జాబితా రాయించిందట. నేను ఆయనకి తెలుగులో చెప్పాను. ఆయన ఆ అమ్మాయికి దణ్ణం పెట్టారు.

బయటికొచ్చి మెట్రో మెట్ల దగ్గర కూర్చున్నాం. టీ తెస్తానని లేచాను. తెచ్చేసరికి ఆయన ఫోన్‌లో ఉన్నారు. అటు భార్య. చెట్టు గుడ్డ గోడెక్కిందని చెప్పారు, దీపాలు పెట్టారని చెప్పారు, చూడ్డానికి జనం టికెట్లు కొనుక్కుని వస్తున్నారని చెప్పారు. అవతల ఆవిడ ఏదో అడిగింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. నల్లటి గోళ్లని పంచె అంచుతో తుడుచుకున్నారు.

"అన్నీ రాసినారు మే. మన ఎనుమును గూడా వదల్లేదు."