సర్టిఫికెట్లు దండిగా చూపించడం ఎలా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నిరుద్యోగ సోదర సోదరీమణులారా! డిగ్రీ అయింది, అమీర్‌పేట కోచింగూ అయింది. ఇక సర్టిఫికెట్లను రెజ్యూమ్‌లోకి ఎక్కించడమే మిగిలింది. ఈ సూత్రాలు పాటిస్తే చదివినవాళ్లకు కళ్లు తిరగడం ఖాయం.

1. ఒక్కదాన్ని మూడు చేయండి. ఎంఎస్ ఆఫీస్ నేర్చుకుంటే వర్డ్‌కో లైను, ఎక్సెల్‌కో లైను, పవర్‌పాయింట్‌కో లైను. రెండో పేజీ దానంతటదే నిండుతుంది.

2. కష్టపడి తెచ్చుకున్నదాన్ని దాచేయండి. ఎన్‌పీటెల్ కోర్సులో అసైన్‌మెంట్లకు 25 శాతం, సెంటరుకు వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం. అలా వారాల తరబడి కూర్చుని 'ఎలైట్' తెచ్చుకున్నారా? తొమ్మిదో లైనులో పడేయండి. అన్నం తింటూ, కెమెరా ఆపేసి విన్న వెబినారే అన్నింటికంటే పైన ఉండాలి.

3. తేదీలు రాయొద్దు. సిస్కో సీసీఎన్‌ఏకు, అమెజాన్ క్లౌడ్ సర్టిఫికెట్లకు గడువు మూడేళ్లే. ఆ సంగతి ఉద్యోగమిచ్చేవాళ్లకెందుకు? సర్టిఫికెట్ నంబరు అసలే వద్దు. ఎవరైనా ఆన్‌లైన్‌లో సరిచూస్తే లేనిపోని తంటా.

4. ఉద్యోగం ఏదైనా రెజ్యూమ్ ఒక్కటే. సూర్యాపేట ఆస్పత్రి బిల్లింగ్ కౌంటరుకు, కోదాడ స్కూలుకు, మిర్యాలగూడ రైస్ మిల్లుకు ఒకే జిరాక్స్ కట్ట. మిల్లు అకౌంటెంట్ పోస్టుకైనా క్లౌడ్ కంప్యూటింగ్ పైన, టాలీ అట్టడుగున.

5. ప్రశ్నకు బెదరొద్దు. మిల్లు యజమాని ఫైలంతా తిరగేసి, "మంచిగనే ఉన్నయ్ బిడ్డా. 25 కిలోల బస్తాకు, 26 కిలోల బస్తాకు బిల్లు ఒక్కతీరే కొడ్తవా?" అంటాడు. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ, 26 కిలోల బస్తాకు లేదు. 2022 జులై 18 నుంచి ఇదే లెక్క. మిల్లులో గుమస్తాలందరికీ తెలిసిన ముచ్చటే. మీరు మాత్రం తడుముకోకుండా "సార్, అది మా సిలబస్‌ల లేదు" అనేయండి.

హెచ్చరిక: బయట బెంచీ మీద ఒకే కాగితంతో కూర్చున్న పిల్లను చూసి చెడిపోకండి. టాలీ ప్రైమ్, ఇచ్చిన సంస్థ, ఏడాది, నంబరు. దాని కింద 'ఎరువుల దుకాణంలో ఆరు నెలలు జీఎస్టీ బిల్లులు కొట్టాను' అని ఒక్క లైను. ఇంతే రాసుకొచ్చింది. సగం ఖాళీగా ఉన్న ఆ కాగితంతోనే సోమవారం నుంచి డ్యూటీకి రమ్మనిపించుకుంది. మీకు అంత తొందరేమీ లేదు కదా!