పేరు మారిన బిళ్ల

పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయిందని దేశమంతా చాటారు. అక్కడి ప్రోతరాపూర్‌లో ఒక తాతగారి బీపీ బిళ్లకు పేరు మారిందని మాత్రం ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పలేదు! తుంటి ఆపరేషనై ఫిజియోథెరపీకి వచ్చిన పెద్దాయన. డిశ్చార్జి కాగితంలో ఒక కంపెనీ బిళ్ల, ఇంట్లో పాత బిస్కెట్ డబ్బాలో ఇంకో కంపెనీది. పేర్లు వేరైనా రెండూ ఒకే బీపీ మందు, ఆమ్లోడిపిన్నే. కోడలు పాపం, భక్తిగా రెండూ వేసింది. తాతగారు వాకర్‌తో సహా కూలబడ్డారు.

రోగి చోటు మారేటప్పుడే మందులు తారుమారవుతాయి, జాగ్రత్త అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే మొత్తుకుంది. ఈ దీవులకు విశాఖ ఓడైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది గానీ, జెనీవాలోని ఆ సంస్థ కబురు ఇంకా రేవు చేరినట్టు లేదు.

అన్నట్టు, కళ్లు తిరుగుతున్నాయంటే తాతగారికి మూడో బిళ్ల రాశారు.